ఐదున్నర పంచ్

ఓవర్‌టైమ్ (ఓటీ) లెక్క కట్టడం నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. నెలకు 15,600 జీతం ఉన్న మనిషి అనుకోండి. ఇరవై ఆరుతో భాగిస్తే రోజుకు 600. దాన్ని ఎనిమిదితో భాగిస్తే గంటకు 75. వారానికి 48 గంటలు దాటి చేసిన ప్రతి గంటకూ దానికి రెట్టింపు, అంటే 150 రూపాయలు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 59వ సెక్షన్ చెప్పిన లెక్క అది. అప్పటి చట్టాల ప్రకారం ఆ ఓటీ డబ్బుల మీద ఈఎస్‌ఐ కోయాలి, పీఎఫ్ కోయకూడదు. కొత్తగా చేరిన గుమాస్తాలు చాలామంది ఇక్కడే తడబడేవారు. నేను తడబడేదాన్ని కాదు.

జీడిమెట్ల పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీ టైమ్ ఆఫీసులో చాలా ఏళ్లు చేశాను. టైమ్ ఆఫీసు గేటు దాటగానే ఉండే గది. ఎవరు ఏ షిఫ్టుకొచ్చారు, ఎవరు డబల్ డ్యూటీ చేశారు, ఎవరికి వీక్లీ ఆఫ్ మారింది, అన్నీ అక్కడే తేలతాయి. సూపర్‌వైజర్ సంతకం పెట్టిన ఓటీ స్లిప్పులు సాయంత్రానికి నా టేబుల్ మీద పడేవి. ఒక్క అరగంట తేడా వచ్చినా కార్మికులు ఊరుకోరు. కిటికీ దగ్గరకొచ్చి, "మేడమ్, మంగళవారం బి షిఫ్టులో రెండు గంటలున్నాను, స్లిప్పు చూడండి" అని అడిగి మరీ రాయించుకుని వెళ్లేవారు. అలా అడగడం వాళ్ల హక్కని నాకు ఎప్పుడూ సందేహం కలగలేదు. చట్టం సారాంశాన్ని ఇంగ్లీషులోనూ కార్మికులకు అర్థమయ్యే భాషలోనూ కనిపించేచోట పెట్టాలని 108వ సెక్షన్ చెప్పేది. మా గేటు లోపలి గోడకున్న ఆ తెలుగు కాగితానికి లామినేషన్ చేయించి అతికించింది నేనే.

ఆ ఓటీ లెక్క నాకు నేను ఏనాడూ కట్టుకోలేదు. అది నా ఇష్టం అనుకుని ఊరుకోవచ్చు. కానీ నా పక్క కుర్చీలో కూర్చున్న ఒక అమ్మాయిని కూడా కట్టుకోనివ్వలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మొదట మా సెక్షన్‌లో నలుగురం. పెద్దాయన ఒకరు రిటైరయ్యారు, ఆయన సీటు అలాగే ఉండిపోయింది. తర్వాత ఒకతను పటాన్‌చెరులో రెండు వేలు ఎక్కువ ఇస్తామన్నారని వెళ్లిపోయాడు. మిగిలింది నేను, కొత్తగా బీకాం పూర్తిచేసి చేరిన ఒక అమ్మాయి. పని మాత్రం తగ్గలేదు. నిజానికి అది పెరిగింది. కాంట్రాక్టు కార్మికులు ఎక్కువయ్యారు. ఒడిశా నుంచీ బిహార్ నుంచీ వచ్చిన పిల్లలకు ఆధార్‌లో ఒక పేరు, బ్యాంకు పాసుబుక్కులో ఇంకో పేరు. పీఎఫ్ నంబరైన యూఏఎన్‌తో అవి కలవవు, కలవకపోతే పీఎఫ్ పడదు. ఏడో తారీఖులోపు జీతాలు, పదిహేనులోపు పీఎఫ్, ఈఎస్‌ఐ చలానాలు. వాటి మధ్యలో కాంట్రాక్టర్ల బిల్లులు, ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్లు, ఆడిట్ వాళ్లకు కావలసిన కాపీలు.

"ఈ నెల ఒక్కటీ సర్దండమ్మా, మనిషిని చూస్తున్నాం" అన్నారు మా మేనేజరు. ఆయన చెడ్డమనిషి కాదు. పండక్కి అందరికంటే ముందు మా సెక్షన్‌కే మిఠాయి డబ్బా పంపేవారు. తరువాతి నెలా అదే మాట అన్నారు. ఆ తరువాత అనడం మానేశారు, ఎందుకంటే అవసరం లేకపోయింది. మేం సర్దేస్తున్నాం.

జనరల్ షిఫ్టు ఐదున్నరకు అయిపోతుంది. అప్పట్లో ఫ్యాక్టరీ ఆవరణలో ఆడవాళ్లు పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఏడు వరకే పనిచేయాలని 66వ సెక్షన్. ఎనిమిదికి మేం పంచ్ కొడితే మర్నాడు మెషీన్‌లో అది ఎర్రగా కనిపిస్తుంది. ఇన్‌స్పెక్టర్ వచ్చినా, సరుకు కొనే కంపెనీల తరపున ఆడిట్‌కు వచ్చినా మొదట అడిగేది ఆ రిపోర్టే. అందుకని ఐదున్నరకు గేటు దగ్గరికెళ్లి పంచ్ కొట్టి, వెనక్కి వచ్చి మళ్లీ కూర్చునేవాళ్లం. అలా చేయమని ఎవరూ కాగితం మీద రాసివ్వలేదు. "ఆడిట్‌లో మనకే ఇబ్బందమ్మా" అన్నారు, అంతే. మెషీన్ ప్రకారం మేం ఇంట్లో ఉన్నట్టు. ఏడు దాటాక కుర్చీలోంచి లేచేటప్పుడు నాకేదైనా అయితే, ఆ సమయంలో నేను అక్కడ ఉన్నానని చెప్పే కాగితం ఒక్కటి కూడా లేదు. ఈ ఆలోచన అప్పుడు నాకు తట్టనే లేదు.

ఎందుకు ఒప్పుకున్నానని తరువాత చాలాసార్లు నన్ను నేను అడిగాను. భయం కొంత ఉంది. ఇంటి లోను ఉంది, పిల్లాడి స్కూలు ఫీజుంది. కానీ భయం ఒక్కటే అంటే అబద్ధం. నాకది బాగుండేది. "ఆవిడ లేకపోతే జీతాలు పడవు" అని ప్రొడక్షన్ మేనేజరు ఎవరితోనో అంటుంటే విని, ఆ మాట ఇంటికెళ్లి మా ఆయనకు చెప్పాను. ఆయన ఏమీ అనకుండా పిల్లాడి లెక్కల పుస్తకం మూసి లేచి వెళ్లాడు. ఆ లెక్కలు నేను చెప్పాల్సినవి. మా అత్తమ్మ అప్పటికే నా కోసం అన్నం తినకుండా కూర్చోవడం మానేసింది. ఇంట్లో నేను లేకుండానే రోజులు గడుస్తున్నాయని తెలుస్తూనే ఉంది. ఆఫీసులో నేను లేకుండా గడవదన్న ఒక్క మాట ఆ బాధను కప్పేసేది.

ఆ అమ్మాయిది మేడ్చల్. మా ఫ్యాక్టరీ నుంచి షాపూర్‌నగర్, అక్కడ షేర్ ఆటో ఎక్కి సుచిత్ర, సుచిత్ర దగ్గర బస్సు. ఐదున్నరకు బయల్దేరితే ఏ ఇబ్బందీ లేదు, దారి నిండా మనుషులే. ఎనిమిదిన్నరకు ఆ షేర్ ఆటోలో ఆడపిల్ల తనొక్కతే ఉన్న రోజులు ఉన్నాయని తరువాత చెప్పింది. ఏడింటి నుంచే వాళ్లమ్మ ఫోన్లు చేసేది. "అక్కా, అమ్మ చేస్తోంది" అనేది, ఫోన్ చేతిలో పట్టుకుని. "ఇంకో అరగంట రా, ఈ ఫైలు అప్‌లోడ్ చేసేసి పో" అనేదాన్ని. ఆ అరగంట ఎప్పుడూ అరగంటతో పోలేదు. "మొదటి ఉద్యోగంలో ఇలాగే పని వస్తుంది, మేమూ ఇలాగే నేర్చుకున్నాం" అని కూడా అన్నాను. అది నిజం కూడా కాదు. నేను చేరినప్పుడు నలుగురం ఉన్నాం, ఐదున్నరకు నిజంగానే ఇంటికి వెళ్లేవాళ్లం.

మేనేజరు ఆ అమ్మాయిని నేరుగా ఉండమని ఎన్నడూ అడగలేదు. అడిగి ఉంటే, తను కాదనడానికి కొంచెం చోటుండేది. అడిగింది నేను. తన టిఫిన్ డబ్బాలోంచి పచ్చడి తిన్న నేను, జ్వరమొస్తే మాత్ర తెచ్చిచ్చిన నేను. అక్కా అని పిలిచిన మనిషికి ఎదురు చెప్పే అలవాటు తనకు లేదు. కంపెనీకి కావలసిన గంటలు నా నోటి గుండా, నా చనువు గుండా ఆ పిల్ల దగ్గర వసూలయ్యాయి. మనుషులు తక్కువున్న చాలా ఆఫీసుల్లో జరిగేది ఇదేనని ఇప్పుడు తెలుసు. జీతం లేని పని పైనుంచి ఆర్డరై రాదు. పక్క కుర్చీలోంచి, మనకు ఇష్టమైన మనిషి నోట్లోంచి వస్తుంది.

ఒకసారి హెడ్డాఫీసు నుంచి ఇద్దరు వచ్చారు. ప్రతి సెక్షన్‌లో ఎంత పని ఉంది, ఎంతమంది ఉన్నారు, ఎన్ని పోస్టులు ఉండాలని లెక్క తీయడానికి. మా దగ్గర ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుని, అడిగినవన్నీ రాసుకున్నారు. చలానా ఏ నెలైనా ఆలస్యమైందా? లేదు. జీతాలు? ఏడు దాటలేదు. స్టాఫ్ పంచ్ రిపోర్టు? ఐదున్నర, ఐదు ముప్పై రెండు, ఐదున్నర. ఓటీ? సున్నా. ఆ రిపోర్టు ప్రింటు తీసి సంతకం పెట్టి ఇచ్చింది నేనే. ఖాళీగా ఉన్న రెండు పోస్టులూ ఆ తరువాత లిస్టులోంచే ఎత్తేశారు. మా మేనేజరు ఆ సంగతి మెచ్చుకోలుగా చెప్పారు: "మీ ఇద్దరూ నలుగురి పని చేస్తున్నారని పైవాళ్లే అన్నారమ్మా." నేను థాంక్స్ చెప్పాను.

అప్పుడు కట్టాల్సిన లెక్క ఒకటుంది. ఇన్నాళ్లకు కడుతున్నాను. మేమిద్దరం రోజుకు మూడు గంటల చొప్పున ఎక్కువ ఉన్నామనుకుంటే, ఇరవై ఆరు రోజులకు మొత్తం 156 గంటలు. గంటకు 150 చొప్పున 23,400 రూపాయలు. ఆ డబ్బుకు ఇంకో మనిషిని పూర్తి జీతంతో పెట్టుకుని, ఇంకా మిగుల్చుకోవచ్చు. చట్టం ఓటీకి రెట్టింపు ఎందుకు పెట్టిందో ఇక్కడ తెలుస్తుంది. అలిసిపోయినవాళ్లకు బహుమానంగా మాత్రమే కాదు. ఉన్నవాళ్లనే పిండడం కన్నా కొత్తవాళ్లను తీసుకోవడం చవకయ్యేలా పెట్టిన లెక్క అది. పైగా ఓటీ మూడు నెలలకు 50 గంటలు దాటకూడదని అప్పటి 64వ సెక్షన్ చెప్పేది. రోజుకు మూడు గంటలంటే ఒక్క నెలలోనే 78. మా గంటలు ఉన్నవి ఉన్నట్టు రికార్డులో పడి ఉంటే, ఆ రెండు సీట్లలో కనీసం ఒకటైనా నిండక తప్పేది కాదు. మేం కంపెనీకి సాయం చేస్తున్నామనుకున్నాం. చేసింది, మనుషులు కావాలని అరిచి చెప్పే కాగితాన్ని మా చేత్తోనే చెరిపేయడం.

వారానికి 48, ఆపైన పద్దెనిమిది. మొత్తం 66 గంటలు. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేయడం వల్ల పక్షవాతంతో, గుండెజబ్బుతో 2016లో ప్రపంచమంతటా 7,45,000 మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో అంచనా వేశాయి. 2023 అక్టోబరులో వారానికి 70 గంటలు పనిచేయాలని ఒక పెద్ద పారిశ్రామికవేత్త అన్నప్పుడు టీవీల్లో నాలుగు రోజులు చర్చ నడిచింది. నాకు ఆ చర్చ వింటుంటే ఒళ్లు మండింది. ఎన్ని గంటలని కొట్టుకుంటున్నారే గానీ, ఆ గంటలు ఏ పుస్తకంలో రాస్తారు, ఎవరు డబ్బిస్తారు అని ఒక్కరూ అడగరు.

అదే ఏడాది మా హోదాలు మారాయి. నేను సీనియర్ ఎగ్జిక్యూటివ్, ఆ అమ్మాయి జూనియర్ ఎగ్జిక్యూటివ్. జీతం మారలేదు. మేం ఆఫీసంతా లడ్డూలు పంచాం. ఎగ్జిక్యూటివ్‌లకు ఓటీ ఉండదన్న మాట మెల్లగా వ్యాపించింది, మేమూ నమ్మాం. హాజరు మస్టర్ రాసే మనిషి, చలానా నింపే మనిషి చేసేది గుమాస్తా పనే. కార్డు మీద ఏం అచ్చు వేసినా కోర్టులు చూసేది చేతిలో ఉన్న పనిని, హోదా పేరును కాదు. ఇది లేబర్ చట్టంలో ఎప్పుడో స్థిరపడిన విషయం. ఇన్నేళ్లు టైమ్ ఆఫీసులో కూర్చున్న నాకు ఇది తెలియకపోవడం మామూలు పొరపాటు కాదు. పక్కవాళ్ల గురించైతే కనుక్కునేదాన్ని.

ఆ అమ్మాయి కనుక్కుంది. వాళ్ల నాన్నకు ఒంట్లో బాగోలేక డబ్బు అవసరమైన రోజులవి. ఒక సాయంత్రం బ్యాగులోంచి చిన్న డైరీ తీసి నా ముందు పెట్టింది. చేరిన కొద్ది నెలల తరువాత నుంచి, నిజంగా గేటు దాటిన టైము ఏ రోజుకారోజు రాసుకుంది. ఎనిమిదీ పది. ఎనిమిదిన్నర. తొమ్మిది, జీతాల రోజు. చివరి పేజీలో లెక్క కట్టింది. ఇరవై ఆరుతో, ఎనిమిదితో భాగించి, రెండుతో గుణించి. నేను నేర్పిన పద్ధతే. "అక్కా, లెక్క సరిగ్గా ఉందా చూడవా?" అంది. చూశాను. పైసా తేడా లేదు. "ఇస్తారో లేదో నాకు తెలీదు, అడిగి చూడు" అన్నాను. నేనూ వస్తాను అని అనలేదు.

లెటర్ ఇచ్చింది. వారం తిరక్కుండా మేనేజరు గదికి పిలిచారు. హెచ్ఆర్ నుంచి ఒకాయన, మా మేనేజరు, ఆ అమ్మాయి, నేను. పంచ్ రిపోర్టు టేబుల్ మీద ఉంది. హెచ్ఆర్ ఆయన గొంతు పెంచలేదు, మర్యాదగానే అడిగారు: "మీరు సీనియర్. మీరు చెప్పండమ్మా. ఈ అమ్మాయి రోజూ లేటుగా ఉండేదా?"

"పంచ్ రికార్డు ఉంది కదా సార్" అన్నాను. "అప్పుడప్పుడు కొంచెం లేటయ్యేదేమో."

రోజూ ఉండేది. ఉండమన్నది నేను. ఐదున్నరకు పంచ్ కొట్టి రమ్మని మొదటి రోజు గేటు దాకా తీసుకెళ్లి చూపించింది నేను.

తన మాట నిజమని చెబితే, ఏళ్ల తరబడి తప్పుడు పంచ్ కొట్టానని నేనే ఒప్పుకున్నట్టు అవుతుంది. రిపోర్టు మీద ఉన్నది నా సంతకం. ఉద్యోగం పోతుందన్న భయం నిజమైనదే. కానీ దాని కింద ఇంకోటి ఉంది, దాన్ని రాయకుండా ఇది రాయడం దండగ. నేను ఇన్నేళ్లలో ఒక్కసారి అడగనిది, నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల అడిగిందన్న ఉక్రోషం. తనకు డబ్బులొస్తే, నేను ఇచ్చుకున్న ఏళ్లన్నీ వెర్రితనమని తేలిపోతాయి. అది తేలకూడదని లోపలెక్కడో అనిపించింది. ఉచితంగా పనిచేసి చేసి ఉన్న మనిషి, ఉచితంగా చేయనన్నవాళ్ల మీద కోపం తెచ్చుకుంటాడు. నేను తెచ్చుకున్నాను.

ఆ నెలాఖరుకు ఆ అమ్మాయి మానేసింది. సెటిల్‌మెంటు షీటు నేనే చేశాను. ఓటీ గడిలో సున్నా వేశాను.

తరువాత కొన్నాళ్లు ఒక్కదాన్నే. అలసిపోయి చేసిన పని ఎక్కడ తేలుతుందో ఎవరూ చెప్పలేరు. నాది ఒక కాంట్రాక్టు కార్మికుడి కాలు దగ్గర తేలింది. ఫిబ్రవరిలో బండి మీద నుంచి పడి కాలు విరిగింది అతనికి. సనత్‌నగర్ ఈఎస్‌ఐ ఆస్పత్రిలో కట్టు వేశారు. పనికి వెళ్లలేని రోజులకు జీతంలో 70 శాతం ఈఎస్‌ఐ ఇస్తుంది, ఏడాదికి 91 రోజుల దాకా. అయితే అందుకు ముందరి కంట్రిబ్యూషన్ కాలంలో కనీసం 78 రోజులు చందా పడి ఉండాలి. జనవరి నుంచి జూన్ మధ్య జబ్బు చేస్తే, చూసేది అంతకు ముందు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా పనిచేసిన రోజులను. మధ్యలో కొంతకాలం ఊరెళ్లి రావడంతో అతని రోజులు అసలే అంతంతమాత్రం. ఆగస్టుకు 26 అని కొట్టాల్సిన చోట నేను 6 అని కొట్టాను. రాత్రి ఎనిమిది దాటాక, చలానా గడువుకు ముందురోజు కొట్టిన అంకె అది. ఆ ఇరవై రోజులు పోవడంతో అతను 78 కిందకి జారిపోయాడు. డబ్బు రాదన్నారు.

అతని తమ్ముడు నా కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. తిట్టలేదు. తెలుగు సరిగ్గా రాదు, చేతిలో ఉన్న కాగితం చూపించాడు. ఆగస్టు మస్టర్ తీశాను. 26 రోజులూ సంతకాలున్నాయి. వేజ్ రిజిస్టర్ కాపీలు, కంపెనీ లెటరు పట్టుకుని ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసు చుట్టూ తిరిగి చివరికి సరిచేయించగలిగాను. ఈలోపు వాళ్లు మేస్త్రీ దగ్గర వడ్డీకి తెచ్చుకుని తిన్నారు. ఆ వడ్డీ ఎవరూ తిరిగివ్వలేదు.

ఆ మస్టర్ చేతిలో ఉన్నప్పుడే నాకు ఆ అమ్మాయి గుర్తొచ్చింది. అతనికి మస్టర్ ఉంది. నిజం రాసిన పుస్తకం ఒకటి ఎక్కడో ఉంది గనక, తప్పు అంకెను దిద్దగలిగాను. ఆ అమ్మాయికి అలాంటి పుస్తకం లేకుండా చేసింది నేను. మా రోజులన్నీ ఐదున్నర దగ్గర కోసేసి ఉన్నాయి. కార్మికుడి అరగంట కోసం స్లిప్పు వెతికే మనిషిని, పక్కన కూర్చున్న పిల్లకు రోజుకు మూడు గంటలు లేవని సంతకం పెట్టాను.

లేబర్ ఆఫీసులో తెలిసినవాళ్లను అడిగాను. అప్పటి వేతన చెల్లింపు చట్టం ప్రకారం రావాల్సిన డబ్బుకు క్లెయిము వేయడానికి గడువు పన్నెండు నెలలు. తను మానేసి అప్పటికే అది దాటింది. ఆలస్యానికి తగిన కారణం చూపితే తీసుకునే వీలుంది, మీరు సాక్ష్యం చెబుతారా అని అడిగారు. చెబుతానన్నాను. ఈసారి నిజంగానే అన్నాను. ఫోన్ నంబరు సంపాదించి ఆ అమ్మాయికి చేశాను. కొంపల్లిలో ఒక ఆడిటర్ దగ్గర చేస్తోంది. పెళ్లయింది. విన్నంతసేపూ ఏమీ అనలేదు. "వద్దక్కా, మా ఆయనకీ అత్తయ్యవాళ్లకీ ఇవన్నీ ఇప్పుడు చెప్పలేను" అంది. కాసేపాగి, "డబ్బులు రావని నాకు ఆ రోజే తెలుసు. నువ్వు ఒక్కసారి అవును అంటావనుకున్నాను" అంది. డైరీ ఉందా అని అడిగాను. చింపేశానంది.

2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. క్లెయిముకు గడువు ఇప్పుడు మూడేళ్లు. ఓటీకి రెట్టింపు అలాగే ఉంది, కార్మికుడి సమ్మతి ఉంటేనే ఓటీ చేయించాలన్న మాట చేరింది. ఆడవాళ్లు రాత్రిపూట కూడా చేయవచ్చు, వాళ్ల ఇష్టంతో, భద్రత ఏర్పాట్లతో. గుమాస్తా పని చేసేవాళ్లు కూడా కార్మికులేనని నిర్వచనంలోనే ఉంది. సూపర్‌వైజరీ పనిలో ఉండి నెలకు 18,000 దాటినవాళ్లు, మేనేజర్ స్థాయివాళ్లు మాత్రం దాని బయట ఉంటారు. తెలంగాణలో దుకాణాలు కాని వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల దాకా చేయించుకోవచ్చని 2025 జూలైలో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. వారానికి 48 మాత్రం దాటకూడదు, దాటితే ఓటీయే. ఈ ఉత్తర్వు వచ్చాక "రోజుకు పది గంటలు చేశారు కదా" అని చెప్పి పంపేసే ఆఫీసులు నాకు తెలుసు. వారం లెక్క అడగండి. పది గంటల చొప్పున ఆరు రోజులు చేస్తే అరవై అవుతుంది, అందులో పన్నెండు గంటలకు రెట్టింపు రావాలి.

అయితే చట్టం ఎంత మారినా, ఐదున్నరకు పంచ్ కొట్టి వెనక్కి వచ్చి కూర్చున్న మనిషికి అది ఏమీ చేయలేదు. పని చేశానని చూపడానికి ఏదో ఒకటి ఉండాలి. రాత్రి ఎనిమిదింటికి ఆఫీసు మెయిలు నుంచి వెళ్లిన ఫైలు, "అయిందా?" అని మేనేజరు పెట్టిన వాట్సాప్, పోర్టల్‌లో అప్‌లోడ్ అయిన టైము, ఇవన్నీ పనికొస్తాయి. నోరు విప్పితే మర్నాడు ఉద్యోగం ఉండదన్న స్థితిలో చాలామంది ఉన్నారు. వాళ్లను వెళ్లి కొట్లాడమని నేను చెప్పను, ఆ హక్కు నాకు లేదు. ఉన్న టైము రాసుకోమని చెబుతాను. తప్పుడు పంచ్ మాత్రం కొట్టొద్దని చెబుతాను, ముఖ్యంగా కొత్తగా వచ్చినవాళ్లతో కొట్టించొద్దని.

ఇప్పుడు బాలానగర్‌లో ఇంకో చిన్న సంస్థలో చేస్తున్నాను. ఇక్కడా మనుషులు తక్కువే. చేరిన కొత్తలోనే ఈ నెలకు సర్దండి అన్నారు. సర్దుతానన్నాను, ఓటీ స్లిప్పు రాసి సంతకం కోసం పంపాను. ఆఫీసు స్టాఫ్‌కు స్లిప్పులేంటని అడిగారు. ఉండమన్నది మీరే కదా సార్, ఆ మాటే కాగితం మీద ఉంది అన్నాను. కొన్నాళ్లు నాతో మాట తగ్గించారు. సాయంత్రం షిఫ్టు అయ్యే వేళకు ఇవాళ ఏవి మిగిలాయో రాసి, రేపు వాటిలో ఏది ముందు చేయాలో చెప్పమని మెయిలు పెట్టడం మొదలుపెట్టాను. మొదట్లో జవాబు వచ్చేది కాదు. ఒక నెల కాంట్రాక్టర్ బిల్లులు మిగిలిపోయి కాంట్రాక్టరే వచ్చి కూర్చున్నాక జవాబులు రావడం మొదలైంది. ఓటీ డబ్బు వేజ్ బిల్లులో విడిగా కనిపిస్తుంటే, ఇది ఎందుకింత అవుతోందని డైరెక్టరే అడిగారు. రెండు సీట్లు ఖాళీ అని రాసిచ్చాను. ఒకటి నింపారు. రెండోదాని సంగతి వచ్చే బడ్జెట్లో చూద్దామన్నారు. ప్రతి నెలా జీతాల షీటుతో పాటు ఆ లెటర్ కాపీ కూడా జతచేసి పంపుతున్నాను.

కొత్తగా వచ్చిన అబ్బాయి మొన్న ఐదున్నరకు పంచ్ కొట్టి మళ్లీ లోపలికి వచ్చాడు. పని మిగిలిందట. వెనక్కి పంపించాను. ఉంటానంటే ఉండు, కానీ బయటికి వెళ్లేటప్పుడే పంచ్ కొట్టు, స్లిప్పు నేను రాస్తాను అన్నాను. అతను కాసేపు ఆలోచించి, రేపు చేస్తానని ఇంటికి వెళ్లాడు.